సోయి, ధ్యాస, యాది, మాట

అయిజ వైపు ఎవరైనా స్పృహ తప్పితే ‘సోయి తప్పిండు’ అంటారు. పిలిచినా పలకకపోతే ‘ధ్యాస యాడ పెట్టినవ్’ అని గదమాయిస్తారు. ఎప్పటిదో సంగతి మనసులో మెదిలితే అది యాదికొచ్చినట్టు. పక్షవాతం కొట్టి నోరు పెగలకపోతే మాట పడిపోయినట్టు. పుస్తకాల తెలుగులో వీటినే చైతన్యం, అవధానం, స్మృతి, భాష అంటారు. నూట అరవై ఏళ్లుగా నాడీశాస్త్రం తలమునకలవుతున్న నాలుగు పెద్ద ప్రశ్నలు పల్లె జనం రోజూ వాడుకునే ఈ నాలుగు మాటల్లో ఉన్నాయి.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉంది కాబట్టి అయిజ ఉన్న ఈ ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. గద్వాల, అయిజ, అలంపురం, రాజోలి, గట్టు ఇందులోవే. 1956 దాకా గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు జిల్లాకు చెందినవి. రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్‌లో కలిశాయి. 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నాయి. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, రాయచూరు దారి పడితే కన్నడం: తాతల కాలం నుంచీ ఇక్కడి నాలుకకు ఇది అలవాటు. దానికి తోడు గద్వాల సంస్థానం అవధానాలకు పెట్టింది పేరు. మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునే తెలుగు పాఠకుడికి ఈ రెండూ దొరికిన చోటే దారి మొదలుపెట్టడం సులువు.

మెదడు బరువు పెద్దవాళ్లలో 1.3 నుంచి 1.4 కిలోలు. ఒంటి బరువులో అది రెండు శాతం. కానీ ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్క్యులానో-హౌజెల్ బృందం లెక్కగట్టిన ప్రకారం అందులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉంటాయి. ఒక్కో న్యూరాన్ వేల సంఖ్యలో ఇతర న్యూరాన్లతో ముడిపడి ఉంటుంది. సంకేతం న్యూరాన్ పొడుగునా విద్యుత్తుగా పారుతుంది, న్యూరాన్లు కలిసే సందు దగ్గర రసాయనంగా మారి అవతలికి దాటుతుంది. అంతే. ఆ పారుదల నుంచే ధ్యాస నిలవాలి, యాది పుట్టాలి, మాట రావాలి. వీటికి మెదడులో వేర్వేరు గదులున్నాయని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే కానీ, ఒక గదిలో దీపం పెడితే నాలుగు గదుల్లోనూ వెలుగు కనిపిస్తుంది. అది అవధాన సభలో చూసినంత తేటగా మరెక్కడా కనిపించదు.

ఎనిమిది మంది నడుమ ఒకడు

‘అవధానం’ అన్న మాటకు తెలుగులో రెండర్థాలు. మనస్తత్వ శాస్త్రం పాఠ్యపుస్తకంలో అది దృష్టి నిలపడం. సభలో అది ఒక కళ. రెండర్థాలూ ఒక్క మాటలో ఇమడడం ఎంతో సబబుగా ఉంది.

గద్వాలను పండితులు ‘విద్వద్గద్వాల’ అని పిలుచుకున్నారు. సంస్థానం చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలం దాకా అక్కడి కోటలో సాహిత్య సభలు జరిగేవి, దూరాల నుంచి కవులు వచ్చి సన్మానాలు అందుకునేవారు. అవధాన విద్యను ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950), గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి తమ విద్య చూపించారు.

అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు దత్తపది కింద నాలుగు మాటలిచ్చి, వాటిని పద్యంలో పొదగమంటారు. ఇంకొకరు వర్ణన అడుగుతారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. ఒకరు గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనే అవధాని ధ్యాస చెడగొట్టడం. అవధాని మొదటి ఆవృత్తిలో ఒక్కో పద్యానికి ఒక్కో పాదం చెప్పి వదిలేస్తాడు. రెండో ఆవృత్తిలో రెండో పాదం. నాలుగు ఆవృత్తులూ అయ్యాక, ఏ కాగితమూ చూడకుండా పద్యాలన్నీ మొదటి నుంచి చివరి దాకా వరసగా అప్పజెబుతాడు. దాన్ని ధారణ అంటారు. సభ ఊపిరి బిగబట్టేది అక్కడే.

పైకి చూస్తే ఆ మనిషి ఒకేసారి ఎనిమిది పనులు చేస్తున్నట్టుంటుంది. మెదడుకు అది చేతకాదు. ఆలోచన పెట్టాల్సిన పనులు రెండు ఒకేసారి మీద పడితే మెదడు వాటి మధ్య అటూ ఇటూ మారుతుంది, మారిన ప్రతిసారీ కొంత సమయం, కొంత పొరపాటు రూపంలో సుంకం కడుతుంది. అవధాని గొప్పతనం ఆ సుంకాన్ని బాగా తగ్గించుకోవడంలో ఉంది. సమస్య పద్యం మొదటి పాదం చెప్పగానే దాన్ని మనసులో ఒక పక్కన పెట్టేస్తాడు. వర్ణన వైపు తిరిగినప్పుడు సమస్య అతడిని వెంటాడదు. అవసరం లేనిదాన్ని అణచిపెట్టి, అవసరమైనదాన్ని ముందుకు తెచ్చే ఈ పని నుదుటి వెనక ఉండే ముందు కార్టెక్స్ (మెదడు పైపొర), నడినెత్తి వెనక భాగం కలిసి చేస్తాయి.

నిషిద్ధాక్షరి దగ్గర కాసేపు ఆగితే ఇదంతా కళ్ల ముందు కనిపిస్తుంది. సరస్వతి మీద పద్యం చెప్పమని అడిగారనుకుందాం. అవధాని ‘శ్రీ’ అన్నాడు. శ్రీవిద్య గానీ శ్రీవిరించి గానీ వస్తుందని పసిగట్టి పృచ్ఛకుడు ‘వి’ నిషేధం అన్నాడు. అవధాని ‘వా’ అన్నాడు. అంటే రాబోయేది వాణి. పృచ్ఛకుడు ‘ణి’ కూడదన్నాడు. అవధాని క్షణం ఆగి ‘గ్దే’ అన్నాడు. వాణి దారి మూసుకుపోతే వాగ్దేవి దారి తెరుచుకుంది. పైగా శ్రీ-వా-గ్దే మూడూ గురువులు, మగణం. శార్దూలానికి మొదటి గణం కుదిరిపోయింది. ఈ మూడు అక్షరాల్లో ఎంత జరిగిందో చూడాలి. నాలుక చివరికి వచ్చిన మాటను మింగాలి. అదే అర్థమున్న ఇంకో మాటను వెతకాలి. అది గణానికి సరిపోవాలి. ఇదంతా సభ చూస్తుండగా ఒకటి రెండు సెకన్లలో. పృచ్ఛకుడి మెదడూ ఊరికే లేదు. రాబోయే మాటను ముందే ఊహిస్తోంది. మాటలు వినేటప్పుడు మనందరి మెదడూ ఇదే చేస్తుంది. 1980లో మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ వాక్యం చివర పొసగని మాట పెట్టి చదివిస్తే, సెకనులో పదింట నాలుగు వంతుల దగ్గరే మెదడు విద్యుత్తులో తేడా నమోదైంది. ‘అన్నంలో పప్పు, నెయ్యి, మేకు కలుపుకుని తిన్నాడు’ అని చదివినప్పుడు ‘మేకు’ దగ్గర ఉలిక్కిపడేది ఆ యంత్రాంగమే.

ఇక ధారణ. అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో మనిషి ఒక్కసారిగా మనసులో పట్టి ఉంచుకోగలిగేవి ఏడు, అటూ ఇటూగా రెండు అంశాలే అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగుకు దించాడు. మరి అవధాని మాటేమిటి? ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి నాలుగు పద్యాలూ ఉత్పలమాలలే అనుకుంటే 320 అక్షరాలు, అదీ ముక్కలు ముక్కలుగా పుట్టినవి, నడుమ గంటలు, కబుర్లు. నాలుగు అంశాల సంచిలో ఇవి ఎలా పట్టాయి?

సంచి పెరగలేదు, మూటలు పెద్దవయ్యాయి. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం నిపుణులకు ఆట మధ్యలోని బల్లను ఐదు సెకన్లు చూపిస్తే, పావుల్లో చాలావాటిని ఎక్కడివక్కడ పెట్టేశారు. అవే పావులను ఎలా పడితే అలా చల్లి చూపిస్తే మామూలు మనుషుల్లాగే తడబడ్డారు. వాళ్లు పావులను కాకుండా ఎత్తుగడలను గుర్తుపెట్టుకున్నారు. 1980లో ఎరిక్సన్ బృందం ఒక కాలేజీ విద్యార్థికి ఏడాదిన్నర పైగా అంకెల సాధన చేయించింది. పరుగు పందెగాడు కాబట్టి అతను అంకెలను పరుగు సమయాలుగా మార్చుకుని ఏడు నుంచి దాదాపు 80 అంకెల దాకా ఎగబాకాడు. అంకెలు తీసేసి అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరుకు పడిపోయాడు.

తెలుగు అవధానికి ఆ మూటలు కట్టే తాడు ఛందస్సు. ఉత్పలమాల పాదంలో పదో అక్షరం దగ్గర మొదటి అక్షరంతో యతి మైత్రి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లుతో ఉండాలి, అది ప్రాస. ఒక మాట జ్ఞాపకం జారిపోయినా ఆ చోట ఫలానా గురులఘువుల మాటే పట్టాలి, ఫలానా హల్లే రావాలి అని పద్యమే వెనక్కి పిలుస్తుంది. అంటే ఛందస్సు అవధానికి పొరపాటు పట్టిచ్చే కాపలా కూడా. గద్య పేరాలు నాలుగు ఇచ్చి ఇలాగే ముక్కలుగా చెప్పి అప్పజెప్పమంటే చాలామంది ధారణ గట్టిగా ఉన్నవారు కూడా చిక్కుల్లో పడతారు. పద్యాన్ని అలంకారమని మాత్రమే చూసేవారు ఈ సంగతి గమనించాలి. రాత లేని కాలంలో, రాత అందరికీ అందని కాలంలో, పద్యం జ్ఞాపకానికి ఊతకర్ర.

ఎన్నేళ్లో ఇలా కంఠస్థం చేసినవారి మెదడు మారుతుందా? 2016లో జేమ్స్ హార్ట్‌జెల్ బృందం శుక్ల యజుర్వేదం కంఠస్థమైన 21 మంది పండితుల మెదళ్లను ఎమ్మారైతో చూసి, అదే వయసున్న మరో 21 మందితో పోల్చింది. పండితుల్లో కణతల వైపు కార్టెక్స్‌లోనూ, కొత్త జ్ఞాపకాలను పట్టుకునే కుడి హిప్పోకాంపస్‌లోనూ బూడిద పదార్థం ఎక్కువగా కనిపించింది. కంఠస్థం చేయడం వల్ల మెదడు అలా మారిందా, అలాంటి మెదడున్నవారే ఆ చదువులో నిలదొక్కుకున్నారా అన్నది ఆ చిత్రాలు ఒక్కటే తేల్చలేవు. 2017లో మార్టిన్ డ్రెస్లర్ బృందం మాత్రం మామూలు మనుషులకే ఆరు వారాలు జ్ఞాపక సాధన చేయించింది. మొదట 72 మాటల్లో సగటున 26 గుర్తుపెట్టుకున్నవారు సాధన తర్వాత 62 దాకా చెప్పారు. వారి మెదడు భాగాల మధ్య అల్లిక కూడా జ్ఞాపక వీరుల అల్లికకు దగ్గరైంది.

అవధానికి ఉన్నంత ధ్యాస మనకు లేకపోయినా, ఎంపిక చేసుకునే పని మన మెదడూ చేస్తుంది. సంతలో వంద గొంతుల మధ్య మనకు కావలసిన బేరం ఒక్కటే వినిపిస్తుంది. మిగతావన్నీ హోరు. కానీ ఆ హోరులో ఎవరైనా మన పేరు పలికితే తల అటు తిరుగుతుంది. అంటే వినిపించలేదనుకున్నవాటిని కూడా మెదడు ఎక్కడో జల్లెడ పడుతోంది. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ బంతి విసురుళ్లను లెక్కపెట్టమని ఒక వీడియో చూపించారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి గుండెలు బాదుకుంటూ నడిచి వెళ్లింది. చూసినవారిలో దాదాపు సగం మందికి గొరిల్లా కనిపించనే లేదు. ఎర్రవల్లి మీదుగా పోయే 44వ జాతీయ రహదారి మీద చెవిలో ఫోనుతో బండి నడిపేవారికి ఇంతకన్నా గట్టి హెచ్చరిక అవసరం లేదు. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, చూపు ఉండదు.

చేతి యాది, వరద యాది

నడిగడ్డలో పత్తి విత్తనాల పంట పెద్దది. దాన్ని చూసినవారికి యాది రెండు రకాలని వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం పూట ఆడచెట్టు మొగ్గ పట్టుకుని, పైరేకులూ కేసరాలూ కీలానికి దెబ్బ తగలకుండా వేలిగోటితో గిల్లి తీసేస్తారు. మర్నాడు పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి పుప్పొడి రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. కొత్తగా చేలోకి దిగిన మనిషి ఒక్కో మొగ్గ దగ్గర ఊపిరి బిగబడుతుంది. నెల తిరిగేసరికి అవే వేళ్లు వాటంతటవే కదులుతుంటాయి, నోరు మాత్రం పక్క సాలు మనిషితో పెళ్లి ముచ్చట్లలో ఉంటుంది. పని ధ్యాస నుంచి అలవాటులోకి, అంటే కార్టెక్స్ నుంచి మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాకూ, వెనకనున్న చిన్న మెదడుకూ చాలావరకు దిగిపోయిందన్నమాట. గద్వాల చీర నేసేవారి సంగతీ ఇదే. నూలు ఒంటికీ పట్టు అంచులకూ వేర్వేరు నాడెలు నడిపి, రెండు పోగులనూ ఒకదానిలో ఒకటి మెలేసి కలిపే ఆ పనిని నోటితో చెప్పమంటే నేతగాళ్లు నవ్వి, మగ్గం మీద కూర్చుని చూపిస్తారు. ఆ యాదికి మాటలు లేవు, వేళ్లున్నాయి.

చేతి యాదికీ సంగతుల యాదికీ, ఈ రెండు రకాలకూ మెదడులో వేర్వేరు దారులున్నాయని లోకానికి చెప్పినవాడు హెన్రీ మోలైసన్ అనే అమెరికన్. మూర్ఛలు తగ్గించడానికి 1953లో అతని రెండు వైపులా హిప్పోకాంపస్‌నూ దాని చుట్టుపక్కల భాగాలనూ తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయే దాకా అతనికి కొత్త సంగతి ఏదీ యాది ఉండలేదు. ఏళ్ల తరబడి తనను పరీక్షించిన మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్‌ను ప్రతిసారీ కొత్త మనిషిలా పలకరించేవాడు. ఆమె అతనితో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజు రోజుకీ చేయి తిరిగింది. తాను ఇదివరకు ఆ బొమ్మ గీశానన్న సంగతి మాత్రం ఏ రోజూ గుర్తులేదు. కొత్త అనుభవాన్ని మొదట పట్టుకునేది హిప్పోకాంపస్. కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా నిద్రలో, అది కార్టెక్స్‌లోకి సర్దుకుంటుంది. మరుపు జబ్బు అల్జీమర్స్ తొలి దెబ్బలు పడేది కూడా ఈ ప్రాంతానికే. పెద్దాయన పొద్దున తిన్నది మరిచిపోయి, యాభై ఏళ్ల కిందటి పెళ్లి ఊరేగింపు పూసగుచ్చినట్టు చెప్పడం వెనక కారణం ఇదే.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచేసింది, అలంపురం, కర్నూలు నీళ్లలో నిలబడ్డాయి. మగ్గాలు, సామాన్లు కొట్టుకుపోయిన ఆ రాత్రి తామెక్కడున్నదీ ఎవరు పిలిచిందీ ఆ ఊళ్ల జనం ఇప్పటికీ చెబుతారు. భయం కలిగినప్పుడు హిప్పోకాంపస్ పక్కనే ఉండే అమిగ్డలా, ఒంట్లో ఎగజిమ్మే హార్మోన్లూ ఆ యాదిని గట్టిగా ముద్ర వేస్తాయి. కానీ గట్టిగా ఉన్నంత మాత్రాన అందులో ప్రతిదీ జరిగింది జరిగినట్టుగా ఉండదు. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు ఉల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎలా తెలిసిందో రాయించి, రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగాడు. చాలామంది వేరే కథ చెప్పారు, అదీ ఎంతో నమ్మకంగా. తమ చేతిరాత చూపించినా కొందరు ఒప్పుకోలేదు. యాదిని బయటికి తీసిన ప్రతిసారీ అది కాస్త మెత్తబడి, మళ్లీ గట్టిపడుతుంది. ఆ సందులో కొత్త మాటలు కలిసిపోతాయి. వరద బాధితులు అబద్ధం చెబుతున్నారని దీని అర్థం కాదు. చెప్పుకున్న ప్రతిసారీ యాది కొత్తగా నేయబడుతుంది.

రెండు నాలుకల లాభం

మాట మెదడులో ఎక్కడుందో మొదట చూపించినవాడు ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా. 1861లో అతని దగ్గరికి వచ్చిన ఒక రోగి అన్నీ అర్థం చేసుకునేవాడు, నోటి నుంచి మాత్రం ‘టాన్’ అన్న శబ్దం ఒక్కటే వచ్చేది. చనిపోయాక చూస్తే ఎడమ నుదుటి వెనక భాగం దెబ్బతిని ఉంది. 1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికె, ఎడమ చెవి పైన కాస్త వెనకగా దెబ్బ తగిలితే మాటలు ధారాళంగా వస్తాయి గానీ అర్థం ఉండదని చూపించాడు. మాటకు ఈ రెండు చోట్లే చాలవని ఇప్పుడు తెలుసు. వాటిని కలిపే తెల్లని నరాల కట్టలు, చిన్న మెదడు, కుడి వైపు భాగాలూ పాలుపంచుకుంటాయి. అయినా కుడి కాలుచెయ్యి పడిపోయినవారికి మాట కూడా పడిపోవడం ఎక్కువగా చూస్తాం. ఒంటి కుడి భాగాన్ని నడిపేదీ, చాలామందిలో మాటను నడిపేదీ ఎడమ మెదడే కావడం అందుకు కారణం. మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా ఆలస్యం కూడదు. రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా ఇచ్చేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. నడిగడ్డ నుంచి కర్నూలుకు పోవడానికి ఎంత పడుతుందో లెక్క వేసుకుంటే, పసరు వైద్యానికి పోగొట్టుకునే ప్రతి అరగంట విలువ తెలుస్తుంది.

తెలుగు మాటకు తనదైన బరువు ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘మొన్న అయిజ సంతలో మా పెద్దనాయన కొన్న ఎర్ర కోడెను నిన్న రాయచూరు నుంచి వచ్చిన బేరగాడు...’ అన్నంత వరకూ విన్నవాడు అందరినీ మనసులో నిలబెట్టి ఉంచాలి. కొన్నాడా, వద్దన్నాడా, తోలుకుపోయాడా అన్నది ఆఖరి మాట దాకా తేలదు. అంటే రోజువారీ తెలుగు వినడంలోనే యాదీ ధ్యాసా కలిసి పనిచేస్తున్నాయి.

ఒకటికి రెండు భాషలు మాట్లాడితే ఏమవుతుంది? దీనికి ప్రపంచమంతా చదివిన జవాబుల్లో ఒకటి హైదరాబాద్ నుంచి వచ్చింది. పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి మరుపు జబ్బుల క్లినిక్‌కు 2006 నుంచి 2012 దాకా వచ్చిన 648 మంది రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, వారి సహచరులు పరిశీలించారు. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితం వచ్చింది. అందులో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారిలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు భాషలవారిలో 65.6 ఏళ్లకు మొదలైంది. నాలుగున్నరేళ్ల తేడా. మూడు, నాలుగు భాషలు వచ్చినా అంతకుమించి లాభం కనిపించలేదు.

నడిగడ్డకు ఇందులో ఎక్కువ పట్టింపు ఉన్న అంశం వేరే. కెనడా లాంటి చోట్ల ఇదివరకు జరిగిన పరిశీలనల్లో రెండు భాషలవారు ఎక్కువగా వలస వచ్చినవారు, కాబట్టి లాభం భాషదా, వలస వెళ్లే మనిషి గట్టిదనానిదా అని వాదన ఉండేది. హైదరాబాద్‌లో తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ పుట్టి పెరిగిన వీధిలోనే కలిసి ఉంటాయి. చదువు వల్ల వచ్చిన లాభమా అనే ప్రశ్నకూ జవాబు దొరికింది. బడి మొహం చూడనివారిలోనూ రెండు భాషలవారికి జబ్బు ఆలస్యంగానే వచ్చింది, తేడా ఆరేళ్లు. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకన్నా తక్కువ. అలాంటి నేల మీద రాయడం రాని ముసలమ్మ సంతలో కన్నడంలో బేరమాడి, దుకాణంలో ఉర్దూలో లెక్క తేల్చి, ఇంటికొచ్చి తెలుగులో మనవణ్ణి కేకలేస్తుంది. అది చదువు కిందికి రాదని మనం అనుకున్నాం. మెదడు లెక్కలో వస్తుంది.

ఒక భాష మాట్లాడుతున్నప్పుడు రెండోది మెదడులో నిద్రపోదు, నోటి చివర్లో తారట్లాడుతుంది. దాన్ని ఆపుతూ ఉండాలి. అంటే అవధాని నిషిద్ధాక్షరిలో చేసే పనే ఇక్కడ చిన్న ఎత్తున రోజంతా సాగుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రమేశ్ కుమార్ మిశ్రా బృందం ఈ అణచివేత, ధ్యాసల లంకె మీద చాలా కాలంగా పనిచేస్తోంది. 2016లో నిమ్స్ నుంచే వచ్చిన మరో పరిశీలనలో పక్షవాతం వచ్చిన 608 మందిని చూసినప్పుడు, ఆ తర్వాత ఆలోచనా శక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషలవారిలో 40 శాతం పైగా, ఒకే భాషవారిలో 20 శాతం లోపు. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు. ఈ ఫలితాలన్నీ ఆస్పత్రి దాకా వచ్చినవారివి. ఇతర దేశాల్లో జరిగిన కొన్ని పరిశీలనల్లో ఇంత లాభం కనిపించలేదు, వాదన సాగుతూనే ఉంది. అయినా పిల్లలకు ఇంటి భాష మానిపించి ఒక్క ఇంగ్లీషే నేర్పితే మేలనే నమ్మకానికి ఈ లెక్కల్లో ఎక్కడా ఆధారం లేదు.

సోయి

చివరికి మిగిలింది అన్నిటికన్నా కష్టమైనది. న్యూరాన్ల విద్యుత్తు నుంచి ‘నేను ఉన్నాను, ఇది చూస్తున్నాను’ అన్న ఎరుక ఎలా పుడుతుంది? దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. మెలకువను నిలబెట్టే మీట ఎక్కడుందో మాత్రం 1949లోనే జుసెప్పె మొరుజ్జి, హోరేస్ మాగూన్ చూపించారు. మెడ పైన మెదడు కాండంలో ఉన్న నరాల వల అది. అక్కడి నుంచి మెదడు లోపలి థాలమస్ మీదుగా కార్టెక్స్ అంతటికీ మెలకువ పిలుపు వెళుతుంది. అరచేతి మేర మెదడు పైపొర పోయినా మనిషికి సోయి ఉండవచ్చు, కాండంలో ఆ చిన్న చోట దెబ్బ తగిలితే ఉండదు.

మెలకువ ఉండడం, ఎరుక ఉండడం ఒకటి కాదు. ఒక సిద్ధాంతం ప్రకారం మెదడులో వేర్వేరు మూలల పనులు ఒక మూలకే పరిమితం కాకుండా మెదడంతటికీ చాటింపు అయినప్పుడు అది ఎరుకలోకి వస్తుంది. బెర్నార్డ్ బార్స్ 1988లో మొదలుపెట్టిన ఈ ఆలోచనను స్టానిస్లాస్ డెహాన్ ప్రయోగాలతో పెంచాడు. ఊళ్లో దండోరా వేసినట్టు అనుకోవచ్చు: దండోరా పడని వార్త ఒక ఇంట్లోనే ఉండిపోతుంది. జూలియో టొనోని 2004లో ప్రతిపాదించిన ఇంకో సిద్ధాంతం చాటింపును కాకుండా అల్లికను చూస్తుంది. భాగాలన్నీ విడదీయలేనంతగా పెనవేసుకున్నప్పుడే ఎరుక ఉంటుందంటుంది. ఈ రెండు పక్షాలవారూ ముందే ఒప్పందం చేసుకుని కలిసి నడిపిన ప్రయోగం ఫలితాలు 2025లో ‘నేచర్’లో వచ్చాయి. రెండింటికీ కొన్ని ఊహలు నిజమయ్యాయి, కొన్ని బెడిసికొట్టాయి. తమ సిద్ధాంతం ఎక్కడ ఓడితే ఓడినట్టో ముందే రాసిచ్చి పరీక్షకు దిగడం ఈ రంగంలో మంచి మలుపు.

బయటికి సోయి లేనట్టున్నవారిలో లోపల సోయి ఉండవచ్చని 2006లో ఏడ్రియన్ ఓవెన్ చూపించాడు. రోడ్డు ప్రమాదం తర్వాత నెలల తరబడి ఏ స్పందనా లేని 23 ఏళ్ల యువతిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని చెప్పారు. ఆరోగ్యవంతుల్లో ఏ భాగం వెలుగుతుందో ఆమెలోనూ అదే వెలిగింది. 2024లో అనేక దేశాల ఆస్పత్రులు కలిసి, పిలిస్తే పలకని 241 మందిని ఇలాగే పరీక్షిస్తే 60 మంది మెదళ్లు చెప్పిన పని చేశాయి. అంటే నలుగురిలో ఒకరు.

పొలాల నేలకు ఇది దూరపు సంగతి కాదు. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దవడం. కాసేపటికి కాళ్లూ చేతులూ కదలవు, ఊపిరి ఆగే స్థితి వస్తుంది. కనుపాపలు కూడా వెలుతురుకు కదలకపోవచ్చు. చూసినవారు సోయి లేదనుకుంటారు, ప్రాణం పోయిందని కూడా అనుకుంటారు. కానీ ఆ విషం నరం కండను తాకే చోట పనిచేస్తుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటదు. ఊపిరి అందుతున్నంత వరకు మెదడు మెలకువగా ఉంటుంది. చెవులు వింటూ ఉంటాయి. మనిషి రెప్ప కూడా ఎత్తలేక, అంతా తెలుస్తూ పడి ఉంటాడు. వేళకు ఆస్పత్రికి చేర్చి విషానికి విరుగుడు ఇచ్చి, వెంటిలేటర్ మీద ఊపిరి అందిస్తే, దెబ్బతిన్న నరాల చివర్లు రోజుల తరబడి మెల్లగా మళ్లీ పనికొస్తాయి. అలా లేచి కూర్చున్నవారిలో కొందరు, తాము కదలకుండా పడి ఉన్నప్పుడు మంచం పక్కన చుట్టాలు ఏమేం మాట్లాడుకున్నారో చెబుతారు.